సాకెట్‌ను నమ్మి చెడినవాడు లేడు

నిజామాబాద్‌లో కూర్చుని హైదరాబాద్ సర్వర్‌లోకి లాగిన్ అయ్యే టెర్మినల్ క్లయింట్‌ను సొంతంగా రాద్దామనుకుంటున్నావా తమ్మీ? శభాష్. ఎస్సెస్‌హెచ్ ఉండగా ఇదెందుకని అడిగేవాళ్ళ మాట వినకు. 2023లో మన ఊళ్ళో ఐటీ హబ్ కూడా తెరిచారు, ఇంకా మాన్యువల్ చదువుకుంటూ కూర్చుంటే నలుగురూ నవ్వుతారు. నా సలహాలు చాలు.

ముందుగా కావలసింది నమ్మకం. సర్వర్ ఒక్క సెండ్‌తో పంపింది నీకు ఒక్క రిసీవ్‌తోనే వచ్చేస్తుందని గట్టిగా నమ్ము. టీసీపీ బైట్లను వరుస తప్పకుండా చేరుస్తుందే తప్ప ఏ సందేశం ఎక్కడ ముగిసిందో గుర్తుపెట్టుకోదని పుస్తకాలు అంటాయి. పుస్తకాలకేం! నీ ల్యాప్‌టాప్ నుంచి నీ ల్యాప్‌టాప్‌కే కనెక్ట్ చేసి చూశావు, అంతా ఒకేసారి వచ్చింది, ఇంకేం సాక్ష్యం కావాలి? రేపు బోధన్‌లో ఎవరో మొబైల్ నెట్ మీద వాడినప్పుడు ‘పాస్‌వర్డ్’ అన్న మాట రెండు ముక్కలై వస్తుంది. పూర్తి మాట కోసం కాచుకున్న నీ ప్రోగ్రామ్ అక్కడే బిగుసుకుపోతుంది. తప్పు టవర్ మీదికి నెట్టెయ్.

బఫర్‌కు 1024 బైట్లు పెట్టు. వచ్చిందాన్ని వచ్చినట్టే డీకోడ్ చేసి తెర మీదికి తోలు. యూటీఎఫ్-8లో తెలుగు హల్లుకు మూడు బైట్లు, గుణింతం గుర్తుకు మూడు, పొల్లుకూ మూడే. ‘నిజామాబాద్’ అని రాస్తేనే 30 అవుతాయి. 1024ను మూడుతో భాగిస్తే ఒకటి మిగులుతుంది కాబట్టి, మధ్యలో ఖాళీలూ ఇంగ్లిషు అంకెలూ లేని అచ్చ తెలుగు పాఠం వస్తుంటే మూడు బఫర్లలో రెండింటి చివర అక్షరం తెగుతుంది. తెగిన తునకను దాచి తర్వాతి విడత ముందు అతికించాలని కొందరు పెద్దలు చెబుతారు. అంత చాకిరీ ఎందుకు? పట్టాదారు పేరు నడుమ నల్ల డైమండ్‌లో ప్రశ్నగుర్తు మెరిస్తే చూడముచ్చటగా ఉంటుంది. రంగులు మార్చే ఎస్కేప్ కోడ్ల సంగతీ అంతే. అవి సగంలో తెగితే తెర మీద ‘31ఎమ్’ లాంటివి కనబడతాయి, చూసేవాళ్ళు అదేదో వెర్షన్ నంబరు అనుకుంటారు.

పంపేటప్పుడు సెండ్ నీకొక అంకె తిరిగిస్తుంది, తాను నిజంగా ఎన్ని బైట్లు తీసుకుందో. దాన్ని చూడకు. నాన్‌బ్లాకింగ్ సాకెట్‌లో కెర్నల్ బఫర్ నిండుతుంటే కొన్ని తీసుకుని మిగతావి నీకే వదిలేస్తుంది, వాటిని మళ్ళీ పంపాల్సింది నువ్వే. పంపకపోతే ఏమవుతుందంటావా? 2014 ఫోల్డర్‌ను తుడిచెయ్యమన్న కమాండ్‌లోంచి ఆ 2014 జారిపోవచ్చు. డిస్క్‌లో బోలెడంత చోటు దొరుకుతుంది.

ఇప్పుడు అసలు కిటుకు. రిసీవ్ సున్నా ఇచ్చినా, మైనస్ ఒకటి ఇచ్చి ‘మళ్ళీ ప్రయత్నించు’ అనే ఎర్రర్ చూపినా, రెంటికీ ఒకటే అర్థమని అనుకో: ఏమీ రాలేదు, ఇంకాసేపు చూద్దాం. నిజానికి రెండోది మాత్రమే ఆ మాట అంటుంది. సున్నా అంటే అవతలివాడు పంపడం ముగించి తలుపేసుకున్నాడని. బోధన్ చెరుకు రైతుకు ఈ తేడా విడమర్చి చెప్పనక్కర్లేదు. షక్కర్‌నగర్‌లో 1937లో పుట్టిన నిజాం షుగర్స్ గేటు ముందు బండి వరుసలో ఆగితే, ఎంత ఆలస్యమైనా తూకం పడేది. 2015 డిసెంబరులో గేటే మూసుకున్నాక వరుసలో నిలబడి లాభం లేదు. తెరుస్తామన్న హామీలు మాత్రం ఎన్నికలకోసారి వస్తూనే ఉన్నాయి, నీ ప్రోగ్రామ్‌కు ఆ మాత్రం ఆశ ఉండొద్దా? సున్నా వచ్చిన ప్రతిసారీ లూప్‌లో మళ్ళీ అడిగించు. ఒక కోర్ నూటికి నూరు శాతం పనిలో ఉంటుంది, ఫ్యాన్ హోరు విని పక్కవాళ్ళు నీ క్లయింట్ కష్టపడుతోందని మెచ్చుకుంటారు.

పొదుపు కూడా నేర్చుకోవాలి. ఒక కీ నొక్కితే పోయేది ఒక్క బైటు, దాని నెత్తిన 40 బైట్ల హెడర్లు. ఈ దుబారా చూడలేక 1984లో జాన్ నేగల్ ఒక ఉపాయం చెప్పాడు: ముందు పంపినదానికి జవాబు వచ్చేదాకా చిన్న ముక్కల్ని కూడబెట్టి కలిపి పంపమని. టెర్మినల్ వాడేవాడికి ఆ కాస్త ఆగడం కూడా తెలుస్తుందని చాలా క్లయింట్లు దాన్ని ఆపేస్తాయి. నువ్వు నేగల్‌నే మించిపో. 4096 బైట్లు నిండేదాకా ఒక్క కీ కూడా బయటికి పోనివ్వకు, ఫ్లష్ మాట ఎత్తకు. నొక్కిన అక్షరం తెర మీద కనబడాలంటే సర్వర్ ఎకో చెయ్యాలి, దానికి అందితే కదా! మనిషి ఖాళీ తెరను చూస్తూ టైప్ చేస్తాడు. కీబోర్డ్ పాడైందనుకుని కొత్తది కొంటాడు, వ్యాపారానికి మంచిది.

వచ్చే వైపు కెర్నల్ బఫర్‌ను మాత్రం 64 మెగాబైట్లు చెయ్యి. పొరపాటున పెద్ద లాగ్ ఫైలు తెరిచినవాడు కంట్రోల్-సీ నొక్కుతాడు. అప్పటికే వచ్చి బఫర్‌లో పేరుకున్న లక్షల లైన్లు ఎలాగూ పారుతూనే ఉంటాయి. కంగారుపడి ఇంకో పదిసార్లు నొక్కుతాడు. నొక్కనీ. ఆ కంట్రోల్-సీలు కూడా 4096 నిండేదాకా నీ దగ్గరే ఉంటాయి, సర్వర్‌కు ఏ ఇబ్బందీ లేదు.