అడుగుకో యాభై

మా ఇంట్లో ఒక లాంగ్ నోటుబుక్కు ఉంది, రెండు వందల పేజీలది. అట్ట మీద మా ఆవిడ చేతిరాతతో ‘శ్రీరామ’, దాని కింద ‘ఇల్లు’ అని ఉంటుంది. 2004లో కొన్నాం. ఈ ఇరవయ్యేళ్ళలో సొంతింటి నిమిత్తం మేం పెట్టిన మొదటి ఖర్చూ చివరి ఖర్చూ అదే.

అకౌంట్సు సెక్షన్ మనిషిని కాబట్టి అందులో గీతలు గీసి గడులు పెట్టాను. తేదీ, ఏరియా, అడుగు ఎంత చెప్పారు, నేనెంత అడిగాను, చివర రిమార్కులు. రిమార్కుల గడి నిండా ఒకటే మాట, ‘ఆగుదాం’. కొన్ని పేజీల్లో అది కూడా రాసే ఓపిక లేక డిటో చుక్కలు పెట్టేశాను.

మొదటి పద్దు హైదరాబాదులో నిజాంపేటది. ఐదంతస్తుల అపార్టుమెంటు, స్లాబులన్నీ పడి గోడలు లేస్తున్నాయి. రెండో అంతస్తులో తూర్పు గుమ్మం ఫ్లాటు, 1,050 అడుగులు. బిల్డరు అడుగు 1,100 అన్నాడు, నేను 1,050 అన్నాను. తేడా యాభై రూపాయలు. అన్ని అడుగులకూ కలిపితే 52,500. అప్పట్లో నా ఆర్నెల్ల జీతం.

మూడు ఆదివారాలు తిరిగాను. ఇసక కుప్ప పక్కన రెండు ప్లాస్టిక్ కుర్చీలు వేయించి, చాయ్ తెప్పించి, “సార్, సిమెంటు ఎంతుందో మీకు తెలీదా” అనేవాడతను. “అడుగుకో యాభై చూడండి” అనేవాణ్ణి నేను. నాలుగో ఆదివారం మా ఆఫీసులో ఓ పెద్దాయన సలహా మీద వెళ్ళడం మానేశాను. మనం వెళ్ళకపోతే వాళ్ళే దిగొస్తారని ఆయన సిద్ధాంతం. అతను దిగిరాలేదు. రెండు నెలల తర్వాత అటు వెళ్తే ఆ ఫ్లాటు అమ్ముడుపోయిందని వాచ్‌మన్ చెప్పాడు. నేను ఇంటికొచ్చి ‘త్వరలో తగ్గును, ఆగుదాం’ అని రాసుకున్నాను.

తగ్గుతుందనడానికి కారణాలకేం కొదవ? 2008 సెప్టెంబరులో అమెరికాలో లేమన్ బ్రదర్స్ దివాలా తీసింది. డాలస్‌లో ఉండే మా బావమరిది ఫోన్ చేసి, తమ వీధిలో ఇళ్ళని బ్యాంకులు వేలం వేస్తున్నాయని దిగులుగా చెప్పాడు. పైకి అయ్యో అన్నాను గానీ లోపల లెక్క వేస్తూనే ఉన్నాను: డాలస్ నుంచి నిజాంపేటకి ఆ గాలి రావడానికి ఎన్ని నెలలు పడుతుంది? నాలుగు నెలలు తిరక్కుండానే, 2009 జనవరి 7న, సత్యం కంపెనీ లెక్కలు దొంగవని రామలింగరాజు గారు ఒప్పుకున్న ఉత్తరం బయటపడింది. ఊరంతా గుండెలు బాదుకుంటుంటే నేను నోటుబుక్కుకి కొత్త పెన్ను తీశాను. ఆ డిసెంబరు 9న ఢిల్లీలో తెలంగాణ మీద చిదంబరం ప్రకటన. ఇక బస్సుల్లో, టిఫిన్ సెంటర్లలో, అద్దెకుండే ప్రతి మగాడి నోటా ఒకటే మాట: రాష్ట్రం విడిపోతే అందరూ అమ్ముకుని వెళ్ళిపోతారు, మనం ఇంటికి ఇంత అని ఏరుకోవచ్చు.

ఇప్పుడు వెనక్కి తిరిగి ఆ పేజీలు చూస్తుంటే ఒక సంగతి కనిపిస్తోంది. ఆ నాలుగేళ్ళూ రేటు కదల్లేదు. 2,300, 2,350, మళ్ళీ 2,300. నా జీతం పెరిగింది, కందిపప్పు పెరిగింది, బస్సు పాసు పెరిగింది, ఇల్లు మాత్రం ఉన్నచోటే చతికిలబడింది. అంటే ఒకరకంగా తగ్గినట్టే కదా. కానీ నేను ఎదురుచూస్తున్న తగ్గడం అది కాదు. నాకు అంకె తగ్గాలి. సంతలో తట్ట ఖాళీ చేసుకునే కూరగాయలవాడిలా బిల్డరు సాయంత్రానికి రోడ్డు మీదికొచ్చి అరవాలి.

2014 జూన్ 2న రాష్ట్రం వచ్చింది. ఎవరూ ఎక్కడికీ వెళ్ళలేదు. రేటు లేచి ఒళ్ళు విరుచుకుంది.

నోట్ల రద్దు నాటి పద్దు మాత్రం ఎర్ర సిరాతో రాశాను. 2016 నవంబరు 8, రాత్రి ఎనిమిది గంటలు. ప్రధాని టీవీలో మాట్లాడుతూ ఉండగానే మా ఆవిణ్ణి వంటింట్లోంచి పిలిచి, “ఇంక చూడు, నల్లడబ్బు లేకపోతే ఇళ్ళెవరు కొంటారు? సగానికి సగం” అన్నాను. మూడు రోజుల తర్వాత నా సొంత రెండు వేల కోసం ఏటీఎం ముందు నిలబడ్డాను. లైనులో నా ముందున్న పదకొండు మందీ ఇళ్ళ ధరలు కూలిపోవడం ఖాయమన్నారు. పన్నెండోవాణ్ణి నేను. మా పన్నెండు మంది జేబుల్లోనూ కలిపి ఆ పూట ఓ గుమ్మం కొనేంత డబ్బు లేదు.

తర్వాత తగ్గింది అమ్మకాలు, ధర కాదు. ఈ రహస్యం నాకు ఒక బ్రోకరు విడమరచి చెప్పాడు. “సార్, అమ్మేవాడు రేటు తగ్గించడు, అమ్మడం ఆపుతాడు. స్థలమేమన్నా మేత మేస్తదా, నీళ్ళు తాగుతదా? పండుకుంటది. బిల్డరుకు మరీ కష్టమైతే కారు పార్కింగు ఫ్రీ అంటడు, వంటింట్ల అరలు ఫ్రీ అంటడు. రేటు తగ్గిస్తే నిన్న కొన్నోళ్ళు వచ్చి గల్లా పట్టుకోరా?” ఇంత వివేకమున్న మనిషికి నేను ఒక్క రూపాయి కమిషన్ కూడా ఇప్పించలేకపోయానని ఇప్పటికీ బాధే.

2019 ఎండాకాలం మా అత్తగారు వచ్చారు. ఆవిడ పోరు పడలేక తెల్లాపూర్ వైపు కడుతున్న ఓ పెద్ద వెంచర్లో మోడల్ ఫ్లాటు చూడ్డానికి వెళ్ళాం. మోడల్ ఫ్లాటంటే పెళ్ళిచూపుల్లో పిల్లలాంటిది, రోజూ అలా ఉండదు. గదులకి తలుపులుండవు, రెక్క తెరిస్తే ఎంత జాగా పోతుందో తెలిసిపోతుంది కాబట్టి. గోడకో అద్దం పెట్టి గదిని రెండు చేస్తారు. మంచాలు ఆరేళ్ళ పిల్లల కొలతకి చేయిస్తారు. మా అత్తగారు చెప్పులు బయట విడిచి, పడగ్గదిలోకి వెళ్ళి, ఆ మంచాన్ని జానలతో కొలిచారు. ఏడు జానల దగ్గర మంచం అయిపోయింది. “అల్లుడుగారూ, దీని మీద మీరు పడుకుంటే కాళ్ళు పక్కవాళ్ళ ఫ్లాటులో ఉంటాయి. వాటికి వేరే అద్దె కట్టాలేమో కనుక్కోండి” అన్నారు.

టై కట్టుకున్న కుర్రాడు మమ్మల్ని ఏసీ గదిలో కూర్చోబెట్టి కాస్టు షీటు చేతికిచ్చాడు. అడుగు 4,200. దాని కింద, అంతస్తు పెరిగేకొద్దీ అడుగుకి ఇంత. తూర్పుకైతే ఇంత. మూల ఫ్లాటుకి ఇంత, పార్కు కనిపిస్తే ఇంత. కారు పార్కింగు, క్లబ్ హౌసు, కార్పస్ ఫండు, రెండేళ్ళ మెయింటెనెన్సు, ఆ పైన ఐదు శాతం జీఎస్టీ. “మరి 4,200లో ఏమొస్తుంది బాబూ?” అన్నాను. “అది స్టార్టింగ్ ప్రైస్ సార్” అన్నాడు, పసిపిల్లాడికి చెప్పినట్టు.

1,200 అడుగులన్నాడు గానీ లోపల మేం నడవగలిగేది 850 అట. మిగతాది మెట్లు, లిఫ్టు, కారిడారు, గోడల మందం. రెరా చట్టం వచ్చి కార్పెట్ ఏరియా లెక్కన అమ్మాలన్నా నోటిమాటలో మాత్రం సూపర్ బిల్టప్పే నడుస్తోంది. “పోనీలే, లిఫ్టు కోసం నిలబడ్డంతసేపూ మన సొంత ఆస్తి మీదే నిలబడ్డట్టు” అంది మా ఆవిడ. ‘ఆగుదాం.’

ఇక్కడ అమరావతి కథ చెప్పకపోతే నా నిజాయితీకి మచ్చ. ఎందుకంటే ధర నిజంగా పడిపోగా నేను కళ్ళారా చూసింది అక్కడే. 2015 అక్టోబరు 22న ఉద్దండరాయునిపాలెంలో ఆంధ్ర రాజధానికి శంకుస్థాపన జరిగాక మా తోడల్లుడు తుళ్ళూరు వైపు ప్లాటు కొన్నాడు. గజం ధర చెప్పినప్పుడల్లా అతని గొంతులో ఒక రకమైన జీర వచ్చేది. 2019 డిసెంబరు 17న అసెంబ్లీలో మూడు రాజధానుల మాట వినిపించింది, ఆ జీర పోయింది. ఓ ఏడాదికి తనే ఫోన్ చేశాడు. “అన్నయ్యగారూ, నేను కొన్న దాంట్లో సగానికి పక్క ప్లాటు ఇస్తామంటున్నారు. ఎప్పుడూ తగ్గాలి తగ్గాలి అంటారుగా, తీసుకోండి.”

నేను ఆ రాత్రి నిద్రపోలేదు. పదహారేళ్ళుగా చేస్తున్న తపస్సుకి దేవుడు ప్రత్యక్షమయ్యాడు. తెల్లారి లేచి, “పడుతున్న దాన్ని పట్టుకోకూడదు తమ్ముడూ, పూర్తిగా పడనీ” అన్నాను. మరి పెరుగుతున్నప్పుడు తగ్గుతుందని ఆగిన మనిషి, తగ్గుతున్నప్పుడు ఇంకా తగ్గుతుందని ఆగడా? 2024 జూన్ 4న ఆంధ్రలో ఓట్ల లెక్కింపు మధ్యాహ్నానికి తేలిపోయింది, అమరావతే రాజధాని అన్నవాళ్ళు గెలిచారు. సాయంత్రం ఫోన్ మోగింది. “అన్నయ్యగారూ...” అన్నాడు. జీర తిరిగొచ్చింది.

కరోనా గురించి ఎక్కువ రాయను. రిజర్వు బ్యాంకు రెపో రేటు నాలుగు శాతానికి దించి లోను తీసుకోవయ్యా అని బతిమాలిన రోజులవి. వడ్డీ తగ్గింది కదా, వెనకే ధర కూడా తగ్గుతుందని నేను గడప దాటలేదు. జనం ఇళ్ళలో కూర్చుని కూర్చుని ఇంకో గది ఉంటే బాగుణ్ణనుకున్నారు. 2021 జూలైలో తెలంగాణలో రిజిస్ట్రేషన్ ఖర్చు ఆరు శాతం నుంచి ఏడున్నరైంది. 2023 ఆగస్టులో కోకాపేట వేలంలో ఎకరం 100 కోట్ల 75 లక్షలు పలికింది. ఎకరానికి 4,840 గజాలు కాబట్టి గజం రెండు లక్షల ఎనిమిది వేలు దాటింది. గజమంటే ఎంతో చూద్దామని హాల్లో టేపు పెట్టి మూడడుగులకి మూడడుగులు సుద్దముక్కతో గీసి, అందులో బాసింపట్టు వేసుకుని కూర్చున్నాను. మోకాళ్ళు రెండూ గీత మీదికొచ్చాయి. మా ఆవిడ కూరల సంచీతో వచ్చి నన్ను చూసి, ఏమీ అడక్కుండా చుట్టూ తిరిగి లోపలికి వెళ్ళిపోయింది.

మరుసటి ఏడు హైడ్రా అనే ప్రభుత్వ సంస్థ వచ్చి చెరువుల ఎఫ్‌టీఎల్‌లో (అంటే నీళ్ళు నిండే హద్దులో) కట్టినవి కూలగొట్టడం మొదలుపెట్టింది. జనం భయపడుతున్నారు, ఇప్పుడైనా తగ్గుతుందన్నాను. “ఎవరో ఒకరి ఇల్లు కూలితే గానీ మీకు ధర కూలదా?” అంది మా ఆవిడ. దీనికి నా దగ్గర గడి లేదు.

మా ఆవిడ ఈ నోటుబుక్కునే వెనక నుంచి వాడుతోందన్న సంగతి నాకు చాలా ఏళ్ళు తెలీదు. నేను ముందు నుంచి ధరలు రాసుకుంటూ వస్తుంటే ఆవిడ చివరి పేజీ నుంచి అద్దెలు రాసుకుంటూ వస్తోంది. 3,500తో మొదలై 22,000 దాకా. 2024 డిసెంబరుతో కూడిక వేసింది: 28 లక్షల 38 వేలు. 2004లో నేను వద్దన్న ఫ్లాటు ఖరీదు 11 లక్షల 55 వేలు. “రెండు ఫ్లాట్లు కొని, ఐదు లక్షల ఇరవై ఎనిమిది వేలు చిల్లర ఇంటికి తెచ్చుకునేవాళ్ళం” అని కింద చిన్న అక్షరాలతో రాసి పెట్టింది.

ఆ ఫ్లాటు గురించి ఇంకో మాట. 2010లో పాత ఇంటి ఓనరు ఖాళీ చేయమంటే, బ్రోకరు మమ్మల్ని ఒక అపార్టుమెంటుకి తీసుకెళ్ళాడు. మెట్లెక్కుతుంటే కాళ్ళకి దారి తెలిసినట్టే అనిపించింది. రెండో అంతస్తు, తూర్పు గుమ్మం. “ఏమండీ, దీన్నెక్కడో చూసినట్టు లేదూ?” అంది మా ఆవిడ. “అపార్టుమెంట్లన్నీ ఒకలాగే ఉంటాయి, పద” అన్నాను. అప్పట్నుంచీ ఇక్కడే అద్దెకుంటున్నాం.

ఓనరు రిటైరైన హెడ్మాస్టరు గారు. కూతురి దగ్గర వనస్థలిపురంలో ఉంటారు. ఏటా సంక్రాంతికి గంగిరెద్దుల వాళ్ళ వెనకాలే వచ్చి, అరిసెలు తిని, అద్దె పెంచి వెళ్తారు. ఈ సంక్రాంతికి అరిసె చేతిలో పట్టుకుని తినకుండా కూర్చున్నారు.

“బాబూ, అబ్బాయి బెంగుళూరు వచ్చేయమంటున్నాడు. ఇది అమ్మేద్దామనుకుంటున్నా. ఇన్నాళ్ళుగా ఉంటున్నారు కాబట్టి ముందు మిమ్మల్నే అడుగుతున్నా. అడుగు 5,200. బయట ఇంకా ఎక్కువే ఉంది.”

వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయింది. మా ఆవిడ గుమ్మంలోకొచ్చి నిలబడింది. మంచి ధరే. నాకు తెలుసు, నోటుబుక్కుకి తెలుసు. నేను గొంతు సవరించుకున్నాను. నోరు తెరిస్తే లోపల్నుంచి ఎవరో మాట్లాడినట్టు వచ్చింది.

“అడుగుకో యాభై చూడండి మాస్టారూ.”

ఆయన పకపకా నవ్వారు. “ఈ ఇంటికి ఈ యాభై జాతకం ఏమిటో! నేను కొన్నప్పుడూ ఇదే. నాకన్నా ముందు తెనాలి నుంచి ఎవరో వచ్చాడట. మూడు ఆదివారాలు కుర్చీలో కూర్చుని, చాయ్ తాగుతూ, అడుగుకో యాభై, అడుగుకో యాభై అని బిల్డరు ప్రాణం తీశాడట. తర్వాత నేను వెళ్తే పాపం ఆ బిల్డరు రెండు చేతులూ జోడించి, మాస్టారూ, మీరు మాత్రం బేరం మొదలెట్టకండి, ముందే యాభై తగ్గించేస్తున్నా అన్నాడు. వెయ్యీ యాభైకే తీసుకున్నా. ఆ మహానుభావుడు ఎక్కడున్నాడో గానీ!”

మా ఆవిడ నా వైపు చూడలేదు. చూడకపోవడం ఎంత బరువుగా ఉంటుందో నాకు తెలుసు.

“మీదీ అటేగా బాబూ?”

“మాది దుగ్గిరాలండీ” అన్నాను.

ఉగాది దాకా ఆలోచించుకోమని, అరిసె తినేసి, అద్దె మాత్రం ఈ నెల నుంచి రెండు వేలు పెంచి వెళ్ళారు. తలుపు వేసి వచ్చి నోటుబుక్కు తీశాను. మొదటి పేజీ, మొదటి పద్దు. రిమార్కుల గడిలో ‘త్వరలో తగ్గును, ఆగుదాం’ అన్నదాన్ని జాగ్రత్తగా కొట్టేసి, పక్కన ‘తగ్గినది’ అని రాశాను. ఇరవయ్యేళ్ళలో నా అంచనా నిజమైన పద్దు అదొక్కటే. సంతకం కూడా పెట్టాను.

“ఆ పెన్ను ఇలా ఇవ్వండి” అంది మా ఆవిడ. “జనవరి అద్దె రాయాలి.”