గట్టు మీద మనిషి

సంక్రాంతి నాలుగు రోజులుందనగా, కళ్ళాపి చల్లిన వాకిట్లో ఆవిడ జారిపడింది. ఎడమ తుంటి దగ్గర ఎముక విరిగింది. వయసు 68. పదిహేనేళ్ళుగా బీపీకి మాత్రలు మింగుతున్న మనిషి. కోనసీమ పల్లె నుంచి రాజమండ్రిలో ఒక నర్సింగు హోముకు తీసుకొచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. అంబులెన్సు గతుకుల్లో పడ్డప్పుడల్లా ఆవిడ పెట్టిన కేకలకు భర్త ముఖంలో నెత్తురు లేదు.

ఆయన నీటిపారుదల శాఖలో లస్కరుగా చేసి రిటైరయ్యాడు. డెల్టా బయటివాళ్ళకు ఈ ఉద్యోగం గురించి కొంచెం చెప్పాలి. ధవళేశ్వరం దగ్గర 1852లో ఆనకట్ట పూర్తయిన దగ్గర్నుంచీ గోదావరి నీళ్ళు కాలవల్లోకి, అక్కణ్ణుంచి పిల్లకాలవల్లోకి, బోదెల్లోకి పారుతున్నాయి. లాకుల దగ్గర, తూముల దగ్గర షట్టర్లు ఎత్తడం, దించడం, గేజీ చూసి మట్టం రాయడం, ముసురు పట్టిన రాత్రుళ్ళు టార్చిలైటు పట్టుకుని గట్టు వెంట నడుస్తూ ఎక్కడైనా నీరు ఊరుతోందేమో చూడటం లస్కరు పని. చేసిన పని కంటికి కనపడదు. చెయ్యకపోతే మాత్రం ఊళ్ళు మునుగుతాయి.

సాయంత్రం మత్తు డాక్టరు వచ్చింది. నలభై దాటని మనిషి. పొద్దున్నుంచి రెండు ఆసుపత్రులు తిరిగి వచ్చింది. చిన్న ఊళ్ళలో మత్తు డాక్టర్లది అదే బతుకు. సర్జను పేరు వీధిలో బోర్డు మీద ఉంటుంది, వీళ్ళ పేరు కేసు షీటులో ఒక మూల ఉంటుంది.

ఆయన లేచి నిలబడ్డాడు. "డాక్టరమ్మ గారండి, వెన్నులో సూది మాత్రం వద్దండి. అది వేయించుకున్న ఆడోళ్ళంతా జన్మంతా నడుం నొప్పంటారు."

ఈ మాట ఆమె రోజూ వింటుంది. విసుక్కోలేదు. కుర్చీ లాక్కుని కూర్చుంది. "వెన్నుపాము నడుం పైభాగంలోనే అయిపోతుంది బాబాయి గారూ. మేము సూది వేసేది దానికి దిగువన. అక్కడ నీరు, అందులో నరాల పోగులు ఉంటాయి, అంతే. సూది వేసినచోట రెండు మూడు రోజులు సలుపు ఉండొచ్చు. ఏళ్ళ తరబడి వచ్చే నడుం నొప్పికి ఈ సూది కారణం కాదు."

ఈ భయం పోగొట్టడానికి ప్రతి డాక్టరూ ఆ పది నిమిషాలు కూర్చుంటే ఎంత బాగుండు. ప్రసవం తర్వాత నడుం నొప్పి, సూది వేయించుకోని వాళ్ళకూ వస్తుంది. తప్పు మాత్రం సూది మీదే పడుతుంది. ఈ పద్ధతి మొదటి రోజుల్లో బాధపెట్టిన మాట నిజమే, కాకపోతే అది తలనొప్పి. 1898 ఆగస్టులో జర్మనీలోని కీల్ నగరంలో ఆగస్ట్ బియర్ అనే సర్జను రోగుల వెన్నులో కొకైన్ ఎక్కించి ఆపరేషన్లు చేశాడు. తర్వాత సహాయకుడు హిల్డెబ్రాంట్‌తో కలిసి ప్రయోగం తమ మీదే చేసుకున్నాడు. లోపలి నీరు బాగా కారిపోయి, బియర్ తలనొప్పితో తొమ్మిది రోజులు మంచం దిగలేదు. ఇప్పటి సూదులు చాలా సన్నవి. పెన్సిలు ములుకులాంటి కొన ఉన్న రకమైతే పొరను కోయకుండా పోగుల్ని పక్కకు నెట్టి దిగుతుంది. కారేది తక్కువ, తలనొప్పీ తక్కువ.

ఆయన కాస్త కుదుటపడ్డాడు. ఆమె మాత్రలు చూపించమంది. ప్లాస్టిక్ కవరులోంచి రెండు అట్టలు తీసిచ్చాడు. "ఇది రేపు పొద్దున గుక్కెడు నీళ్ళతో వేసెయ్యండి. ఈ రెండోది మాత్రం రేపు వద్దు."

పరగడుపున ఉండాలన్నారు కదా అని బీపీ మాత్రలన్నీ మానేసి, థియేటరు గుమ్మం దగ్గర బీపీ ఆకాశానికెక్కి, ఆపరేషను వాయిదా పడే కేసులు మన దగ్గర కొల్లలు. అన్నీ మానడమూ తప్పే, అన్నీ మింగడమూ తప్పే. ఏది వేసుకోవాలో ఏది ఆపాలో మత్తు డాక్టరును అడిగి తీరాలి.

"బీపీ ఎక్కువున్న మనిషికి బీపీ మాత్ర ఆపమంటారేంటండి?" ఆయనకు అర్థం కాలేదు.

"రేపు నా భయం బీపీ పెరుగుతుందని కాదు, పడిపోతుందని. వెన్నులో మందు పడగానే నొప్పి తెలిపే నరాలొక్కటే పడుకోవు. రక్తనాళాల్ని బిగించి పట్టుకునే సన్న నరాలూ పడుకుంటాయి. నాళాలు వదులైపోతాయి. రక్తం కాళ్ళల్లో, పొట్టలో నిలిచిపోయి గుండెకు తిరిగొచ్చేది తగ్గుతుంది."

ఆయన కళ్ళు మెరిశాయి. "అంటే తూములన్నీ ఒక్కసారే ఎత్తేసినట్టన్నమాట. కాలవలో మట్టం దిగిపోద్ది. శివారుకు చుక్క అందదు."

"సరిగ్గా అదే. ఇక్కడ శివారు భూములంటే మెదడు, గుండె, మూత్రపిండాలు."

"అయితే పైనుంచి నీళ్ళు ఎక్కువ వదుల్తారా?"

"ఒకప్పుడు అలాగే చేసేవాళ్ళు. ముందుగానే సెలైను సీసాల మీద సీసాలు ఎక్కించేవాళ్ళు."

"గట్టు తెగుద్దండి!"

"తెగుతుంది. పెద్ద వయసు గుండె అంత నీరు తట్టుకోలేదు. ఊపిరితిత్తుల్లో చేరుతుంది. అందుకే ఇప్పుడు సెలైను కొలిచి ఇస్తాం, షట్టర్లు కొద్దికొద్దిగా దించుతాం. నాళాల్ని మళ్ళీ బిగించే మందులున్నాయి, ఫినైలెఫ్రిన్ అని, నారడ్రినలిన్ అని. సిరంజి పంపులో పెడితే చుక్క చుక్కా లెక్కగా వెళ్తుంది. మట్టం పడ్డాక లేపడం కాదు, పడకముందే పట్టుకోవాలి."

"ఆయ్, మరేనండి. గండి పడ్డాక ఇసక బస్తాలేసేవాడు లస్కరెలా అవుతాడు?" అన్నాడాయన. తర్వాత తనే అడిగాడు. "ఎంతవరకు దిగితే పరవాలేదు?"

ఈ ప్రశ్న అడిగిన బంధువును ఆమె అంతవరకు చూడలేదు. "సగటు పీడనం 65 దిగువకు పోనివ్వకూడదని సాధారణంగా చెప్తారు. పిన్ని గారికి ఆ లెక్క చాలదు. పదిహేనేళ్ళుగా ఎక్కువ ఒత్తిడికి అలవాటుపడ్డ శరీరం. మీకూ నాకూ సరిపోయే అంకె ఆవిడ మెదడుకు చాలకపోవచ్చు."

ఆయన తలూపాడు. "మెరక చేలకు తూము ఎత్తులో పెడతామండి. కాలవ నిండుగా పారినన్నాళ్ళూ ఇబ్బంది లేదు. అడుగు దిగిందంటే పల్లానికి బాగానే ఉంటది, మెరకకు ఎక్కదు. కాలవ చూస్తే నీళ్ళున్నట్టే కనపడతాయి."

వైద్య విద్యార్థులకు బొమ్మలు గీసి చెప్పాల్సిన సంగతిని ఆయన గేజీ చూసిన అనుభవంతో అందుకున్నాడు. ఆమె లేవబోతూ, "మీ పని చాలా గొప్పది బాబాయి గారూ" అంది. మనస్ఫూర్తిగా అంది.

ఆయన మొహం చిన్నబోయింది. "ఏం గొప్పండి. రిటైరయ్యే ఏడు నీటి సంఘం మీటింగులో ఒకాయన లేచి, అందరి ముందూ అన్నాడు. 'ఇన్నేళ్ళలో ఒక్క గండీ పళ్ళేదు. నీళ్ళు వాటంతటవే పారతన్నాయి. ఈ లస్కరు గట్టు మీద గొడుగేసుకుని కూచోడం తప్ప చేసిందేంటి? దీనికి జీతమొకటా?' అని. గండి పడకుండా చూసింది నేనే కదమ్మా. అది ఎవుడికీ కనపళ్ళేదు. ఆ రాత్రి అన్నం తిన్లేదు నేను." కండువాతో కళ్ళు ఒత్తుకున్నాడు.

ఆమె ఆయన చెయ్యి ఒకసారి నొక్కి వెళ్ళింది.

మర్నాడు థియేటరు బయటి గదిలో మొదటి పని వెన్నుసూది కాదు. విరిగిన తుంటితో మనిషిని కూర్చోబెట్టి వీపు వంచమంటే ప్రాణం పోయినంత పనవుతుంది. అందుకని గజ్జ దగ్గర అల్ట్రాసౌండు ప్రోబు ఆనించింది. తెర మీద తొడ ధమని నల్లగా గుండ్రంగా కొట్టుకుంటోంది. పక్కనే తెల్లటి నరం. దాని మీది పొర కిందికి సూది కొన వెళ్ళడం, మందు చెరువులా పరుచుకోవడం కంటికి కనపడుతుంది. నరాన్ని ఇలా తెర మీద చూస్తూ మొద్దుబార్చే పద్ధతి 1990లలో వియన్నా డాక్టర్ల చేతుల్లో రూపు దిద్దుకుంది. అంతకుముందు ఎక్కువగా చేత్తో తడిమి, అంచనా మీద గుచ్చేవారు. కొద్దిసేపటికి, రాత్రంతా మూలిగిన ఆవిడ పట్టుకుంటే లేచి కూర్చుంది. ప్రాంతీయ మత్తులో ఇన్నేళ్ళలో వచ్చిన మార్పుల్లో నాకు అన్నిటికన్నా దయగలదిగా తోచేది ఇదే. అసలు మత్తు ఇవ్వడానికి ముందే నొప్పి తీసెయ్యడం.

తర్వాత వెన్నులో తగ్గించిన మోతాదు మందు. ఆ సూది ఆవిడకు తెలిసీ తెలియలేదు. చేతికి కట్టిన పట్టీ నిమిషానికోసారి బిగుసుకుంటోంది. ఇటలీ వైద్యుడు రివా-రోచ్చి 1896లో వర్ణించిన పట్టీకి ఇది వారసురాలు. 1901లో పావియాలో దాన్ని చూసి హార్వీ కుషింగ్ అమెరికాకు పట్టుకెళ్ళాడు. థియేటరులో బీపీ రాసే అలవాటు బలపడటానికి ఆయన పట్టుదల ఒక కారణం.

మోనిటరు మీద బీపీ పై అంకె 158. నిమిషం తర్వాత 146. తర్వాత 131. ఆమె పంపు వేగం ఒక గీత పెంచింది. 134. నిలబడింది.

సుత్తి దెబ్బలు మొదలయ్యాయి.

"ఎవరికమ్మా కొడుతున్నారు?" అంది ఆవిడ.

"మీకే పిన్ని గారూ. నొప్పిగా ఉందా?"

"అబ్బే. పక్కింట్లో ఎవరిదో అనుకున్నా."

కాసేపటికి సర్జను గట్టిగా చెప్పాడు. "సిమెంటు పెడుతున్నాం." కృత్రిమ కీలు నిలవడానికి తొడ ఎముక బోలులో సిమెంటు కూరుతారు. ఆ ఒత్తిడికి ఎముకలోని కొవ్వు, మజ్జ రక్తంలోకి తోసుకొచ్చి, కొందరిలో బీపీ ఉన్నట్టుండి కూలుతుంది. గుండె ఆగిన సందర్భాలూ ఉన్నాయి. సర్జను ముందుగా కేక వేసి చెప్పాలన్న కట్టుబాటు అందుకే. ఆమె ఆక్సిజన్ పెంచి, సిరంజి చేతిలో పట్టుకుని అంకెల మీంచి చూపు తిప్పలేదు.

"అమ్మా, కాస్త వికారంగా ఉంది."

పట్టీ ఇంకా బిగుసుకోకముందే ఆమె బొటనవేలు సిరంజిని నొక్కింది. వికారం అంకె కన్నా ముందు వచ్చే కబురని ఆమెకు తెలుసు. తెర మీద 94 వచ్చింది. మళ్ళీ కొంచెం మందు. 108. నర్సు కాళ్ళ వైపు ఎత్తు పెంచింది. 127. ఇదంతా రెండు నిమిషాల వ్యవహారం. ఈలోపు ఆమె రోగితో మనవరాలి పేరేమిటని మాట్లాడుతూనే ఉంది.

"ఇప్పుడెలా ఉంది పిన్ని గారూ?"

"పోయిందమ్మా. పొద్దున్నుంచి ఏం తిన్లేదు కదా, అందుకేమో."

పెద్దవాళ్ళకు పూర్తి మత్తు కన్నా వెన్నుసూదే మేలని చాలాకాలం నమ్మారు. 2021లో వెలువడిన అమెరికా, కెనడా అధ్యయనంలో, తుంటి విరిగిన 1600 మందిని రెండు రకాలుగానూ చూస్తే, రెండు నెలల తర్వాత మరణాల్లోనూ తిరిగి నడవడంలోనూ చెప్పుకోదగ్గ తేడా కనపడలేదు. అంటే సూది తనంతట తాను కాపాడదు. ఏ దారిలో మత్తు ఇచ్చినా, ఆ రెండు నిమిషాల్లో తల దగ్గర ఎవరున్నారు, ఎటు చూస్తున్నారు అన్నదాని మీద ప్రాణం ఆధారపడుతుంది.

మర్నాడే ఆవిడ వాకరు పట్టుకుని నాలుగడుగులు వేసింది. మాట తడబడలేదు, మూత్రం తగ్గలేదు, గుండె పరీక్షలో తేడా లేదు. పండగ వెళ్ళాక డిశ్చార్జి చేశారు.

లస్కరు ఆత్రేయపురం నుంచి పూతరేకుల పెట్టె తెప్పించాడు. సర్జను చేతుల్లో పెట్టి, "మా ఇంటిదాన్ని నిలబెట్టారు బాబూ" అని రెండు చేతులూ కళ్ళకద్దుకున్నాడు. ఆసుపత్రి బిల్లు బేరం లేకుండా కట్టాడు. ఆఖర్న కౌంటరులో అమ్మాయి ఇంకో చీటీ విడిగా ఇచ్చింది. మత్తు డాక్టరు ఫీజు. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, మడిచి జేబులో పెట్టుకుని, థియేటరు వైపు వరండాలో నిలబడ్డాడు.

ఆమె తర్వాతి కేసుకు వెళ్తూ కనపడింది. ఆయన దగ్గరకొచ్చి, గౌరవంగా గొంతు తగ్గించాడు.

"డాక్టరమ్మ గారండి, తప్పుగా అనుకోకండి. మా ఆవిడంతా చెప్పింది. ఆపరేషను అయినంతసేపూ మెలకువగానే ఉందంట, అసలు మత్తే ఎక్కలేదంట. బీపీ కూడా దానంతటదే బాగానే ఉందంట. ఏమీ జరగనే లేదు. మీరు తల దగ్గర స్టూలేసుకుని టీవీ చూసుకుంటా, కబుర్లు చెప్పుకుంటా కూచున్నారంట. కూచున్నదానికి ఇంత ఫీజేంటమ్మా?"