నల్లావన్నీ నీళ్లు కావట

కామారెడ్డి నుంచి ఎల్లారెడ్డి దాకా కొత్తగా ఇల్లు కట్టుకున్న గృహస్థుడికి ఉండవలసిన సంపదల్లో సింహద్వారం, పూజగది, బోరు తరువాత ఈమధ్య చేరిన నాలుగోది వంటింటి గోడకు వేలాడే ఫిల్టరు. ఫిల్టరు అంటే వడపోసేదని నిఘంటువు అర్థం చెప్పినా, ఈ ప్రాంతపు వాడుకలో ఆ మాటకు ఆర్వో యంత్రమనే ఒకే ఒక్క అర్థం మిగిలింది. ఆర్వో అంటే రివర్స్ ఆస్మోసిస్. సన్నని పొరకు ఒక పక్క ఉప్పునీరు, మరో పక్క మంచినీరు ఉంటే మంచినీరు తనంతట తాను ఉప్పునీటి వైపు నడుస్తుంది. మోటారుతో ఒత్తిడి పెట్టి ఆ నడకను వెనక్కు తిప్పి, లవణాలను పొరకు ఇవతలే ఆపేయడం ఈ పద్ధతి. 1960 ప్రాంతంలో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో సిడ్నీ లోబ్, శ్రీనివాస సౌరిరాజన్ అనే ఇద్దరు పరిశోధకులు ఇందుకు పనికివచ్చే పొరను తయారుచేసింది సముద్రపు నీటిని తాగునీరుగా మార్చే పనికోసం. ఎల్లారెడ్డికి సముద్రం ఏ దిక్కునా లేకపోయినా, అది ఎప్పుడైనా రావచ్చునన్న ముందుచూపుతో ప్రజలు సిద్ధంగా ఉన్నారు.

సముద్రం లేని ఈ సీమకు నీటి చరిత్ర లేదని కాదు. 1922 నాటికి పూర్తయిన పోచారం చెరువు, 1923లో మొదలై 1931లో ముగిసిన నిజాంసాగర్, రెండూ ఎల్లారెడ్డికి చుట్టుపక్కలవే. మంజీర మీద నవాబ్ అలీ నవాజ్ జంగ్ కట్టించిన ఆ నిజాంసాగర్ గట్టు ఇప్పటికీ నిలిచే ఉంది. 2016 ఆగస్టు 7న గజ్వేల్ దగ్గరి కోమటిబండలో ప్రారంభమైన మిషన్ భగీరథ, పల్లెలో మనిషికి రోజుకు 100 లీటర్లు, మున్సిపాలిటీలో 135 లీటర్లు అన్న లెక్కతో నది నీళ్లను ఇంటి నల్లా దాకా తెచ్చింది. దారిలో ఆ నీటికి పటిక కలిపి మడ్డిని అడుగుకు దించుతారు, ఇసుక పొరల్లో వడపోస్తారు, చివరికి క్లోరిన్ కలుపుతారు. దారిలో ఎక్కడైనా క్రిములు చొరబడితే వాటి పని పట్టడానికి నల్లా దగ్గర కూడా లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలన్నది ప్రమాణం. ఇంత చేసి పంపిన నీళ్లకు బిందెలో పడగానే ‘మందు వాసన’ అని పేరొచ్చింది. వాటితో గిన్నెలు తోమి, స్కూటరు కడిగి, తాగడానికి మాత్రం ఇంటి బోరు నీళ్లను యంత్రంలోకి ఎక్కించే ఇళ్లు ఉన్నాయి.

బోరు నీళ్ల మీద అనుమానం నిజానికి న్యాయమైనదే. కామారెడ్డి చుట్టూ ఉన్నది గ్రానైటు నేల. ఆ రాతి నెర్రెల్లో ఏళ్ల తరబడి నిలిచిన నీరు రాతిలోని లవణాలను కరిగించుకుని పైకి వస్తుంది, అందుకే కాచిన గిన్నె అడుగున తెల్లగా సున్నం పేరుకుంటుంది. ఇలాంటి రాతి నేలలోనే ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే ఎముకల గతి ఏమవుతుందో నల్లగొండ పల్లెలు దేశానికంతటికీ చూపించాయి. అలాంటి బోరు ఉన్న ఇంటికి ఆర్వో విలాసం కాదు, అవసరం. అయితే ఏ బోరులో ఏముందో తెలియాలంటే సీసాలో నీళ్లు పట్టి ప్రయోగశాలకు పంపాలి. యంత్రం కొనడంతో పోలిస్తే అది చవక వ్యవహారం కాబట్టి దానికి గౌరవం లేదు.

ప్రయోగశాలకు బదులుగా అమ్మకందారు తన సంచీని ఇంటికే తెస్తాడు. అందులోంచి ముందుగా వచ్చేది కలం ఆకారంలోని టీడీఎస్ మీటరు. టీడీఎస్ అంటే నీటిలో కరిగి ఉన్న లవణాల మొత్తం. ఆ కలం నీటిలో కరెంటు ఎంత తేలికగా పారుతుందో చూసి లవణాల లెక్క అంచనా కడుతుంది తప్ప, దానికి క్రిమి కనబడదు, ఫ్లోరైడ్ విడిగా తెలియదు. లీటరుకు 500 మిల్లీగ్రాములలోపు మంచిదని, వేరే నీటి ఆధారం లేకపోతే 2000 దాకా తాగవచ్చునని భారతీయ ప్రమాణం ఐఎస్ 10500 చెబుతున్నా, మీటరు మీద మూడంకెలు కనబడగానే ఇంటి పెద్దకు షుగరు పరీక్ష గుర్తొచ్చి ముఖం వాడిపోతుంది.

ఆ తరువాత అసలు ప్రదర్శన. రెండు గ్లాసులు బల్ల మీద పెట్టి, ఒకదాంట్లో నల్లా నీళ్లు, మరొకదాంట్లో ఆర్వో నీళ్లు పోసి, ఇనుప కడ్డీ, అల్యూమినియం కడ్డీ ఉన్న చిన్న పరికరాన్ని రెండింటిలో ముంచి ప్లగ్గు పెడతాడు. అరనిమిషంలో నల్లా నీళ్లు పచ్చబడి, గోధుమరంగుకు తిరిగి, పైన మురికి తెట్టు కడతాయి. ఆర్వో గ్లాసు మాత్రం పతివ్రతలా నిర్మలంగా నిలుస్తుంది. ఇల్లాలు ముక్కు మీద వేలేసుకుంటుంది, పిల్లలు ‘ఛీ’ అంటారు, అడ్వాన్సు చేతులు మారుతుంది. దీని పేరు విద్యుద్విశ్లేషణం: లవణాలున్న నీటిలో కరెంటు పారి ఇనుప కడ్డీ కరిగి తుప్పుగా తేలడమే ఆ తెట్టు. అది నీళ్లలోని మురికి కాదు, అమ్మకందారు సంచీలోని ఇనుము. ఆర్వో గ్లాసులో చిటికెడు ఉప్పు వేసి మళ్లీ ముంచితే ఆ నిర్మలత్వం కూడా బురదే అవుతుంది. కానీ ఉప్పుడబ్బా చేతికందేంత దూరంలోనే ఉన్నా ఆ సమయంలో అది ఎవరికీ తోచదు.

గోడకు తూట్లు పడి యంత్రం ఎక్కిన నాటి నుంచి సింకులోకి ఒక సన్నని గొట్టం కారుతూ ఉంటుంది. మామూలు ఇంటి ఆర్వో నాలుగు బిందెల నీళ్లు మింగి ఒక బిందె ఇస్తుంది, మూడు బిందెలు ఆ గొట్టం గుండా వదిలేస్తుంది. తాగడానికీ వంటకూ రోజుకు 20 లీటర్లు వాడే ఇల్లు 60 లీటర్లు మోరీ పాలు చేస్తుందన్నమాట. టీడీఎస్ 500 లోపు ఉన్నచోట ఆర్వోను నిషేధించాలని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2019 మేలో పర్యావరణ శాఖకు చెప్పిన మాట ఇంకా కామారెడ్డి బస్టాండు దాకా వచ్చినట్టు లేదు. ఆ మోరీ నీళ్లు పోయాక ఎండాకాలం బోరు ఎండితే, మరింత లోతుకు దింపి మరింత ఉప్పటి నీళ్లు పైకి తెస్తారు. అప్పుడు యంత్రం కొన్నది ఎంత మంచిపనైందో మీటరే రుజువు చేస్తుంది.

ఇక్కడితో శుద్ధి పూర్తికాదు. కాల్షియం, మెగ్నీషియంలను తీసేసిన యంత్రమే, తీసినందుకు ఒక ధర, మళ్లీ కలిపినందుకు మరో ధర చొప్పున మినరల్ క్యాట్రిడ్జి తగిలించుకుంటుంది. క్రిములను ఆపే క్లోరిన్‌ను బొగ్గు క్యాండిల్ ముందే పీల్చేస్తుంది కనుక, ట్యాంకులో నిలిచిన నీళ్లకు కాపలాగా అతినీలలోహిత దీపం పెడతారు. అన్నిటికన్నా ఘనమైనది రాగి. అమ్మమ్మ కాలపు రాగి బిందెను పాత సామాన్లవాడికి తూకానికి వేసిన ఇంట్లోనే, ఇప్పుడు రాగి గుణాలు ఇస్తుందన్న యంత్రానికి వాయిదాల మీద డబ్బు కడుతున్నారు. కల్లు దుకాణంలో సీసా ఎత్తే ముందు మాత్రం మీటరు ముంచినవారు ఇంతవరకు కనబడలేదు.

2025 ఆగస్టు చివర జిల్లాను ముంచెత్తిన వానలకు కాలనీలు మునిగి, కరెంటు పోయినప్పుడు, చుట్టూ నీళ్లే ఉన్నా తాగే నీళ్లకోసం వెతుక్కోవలసిన రోజుల్లో, కరెంటు లేని ఆర్వో గోడ మీద క్యాలెండరుతో సమానం. చేతికొచ్చినవి గిన్నె, పొయ్యి, వడకట్టే గుడ్డ. వాన వెలిశాక అవి మళ్లీ అటక మీదికి పోతాయి. దసరాకు ఆయుధపూజలో మోటారు సైకిలు, మిక్సీ వరుసలో ఫిల్టరుకు కూడా పసుపు రాసి కుంకుమ బొట్టు పెడతారు. క్యాట్రిడ్జి మార్చవలసిన తేదీ రాసిన చీటీ సరిగ్గా ఆ బొట్టు కిందే ఉంటుంది.