పీనుగుల బాటలో పులిహోర

తాను ఒక్కడే తిరుగుతూ డాఫొడిల్ పువ్వుల్ని చూశానని వర్డ్స్‌వర్త్‌గారు పద్యం రాశారు. ఒక్కడూ కాదు, పాడూ కాదు. 1802 ఏప్రిల్ 15న అల్స్‌వాటర్ సరస్సు ఒడ్డున ఆయన పక్కనే చెల్లెలు డొరొతీ ఉంది. ఉండటమే కాదు, ఆ పువ్వులు ఎలా ఊగాయో, గాలి ఎలా వీచిందో తన డైరీలో పూసగుచ్చినట్టు రాసిపెట్టుకుంది. అన్నగారు కొన్నేళ్ళకి తీరిగ్గా కూచుని పద్యం కట్టి, పువ్వుల్ని ఉంచి చెల్లెల్ని తీసేశారు. 1807లో అది అచ్చయింది. అప్పట్నించీ లోకం ఆయన్ని ఏకాంతప్రియుడంటోంది.

ఆ పద్యాన్ని కాకినాడలో, ఫ్యాను ఆగిపోయిన క్లాసురూముల్లో, నేను చూడని పువ్వు గురించి వినని పిల్లలకి ఏళ్ళ తరబడి పాఠం చెప్పాను. కనక ఈ విషయంలో నాక్కాస్త కంటగింపు ఉంది. దానికి తోడు, ఆయన ఏకాంతం ఏకాంతం అని ఊరించడం వల్లే ఇంగ్లండులో ఆ సరస్సున్న లేక్ డిస్ట్రిక్ట్‌లో ఇప్పుడు కాలు పెట్టడానికి చోటు దొరకదు. 1951లో దాన్ని నేషనల్ పార్కు చేశారు. 2017లో యునెస్కోవాళ్ళు ప్రపంచ వారసత్వ స్థలం అన్నారు. రెండు వేల మూడు వందల చదరపు కిలోమీటర్ల పైచిలుకు కొండలూ సరస్సులూ. ఏటా లక్షల మంది ఒంటరితనం కోసం కార్లేసుకుని బయల్దేరతారు. మధ్యాహ్నం పన్నెండింటికి పార్కింగు దొరికినవాడే ఋషి.

ఈ రద్దీలో పాపం ఆయన పాత్ర చిన్నది కాదు. కవిత్వం చాలదన్నట్టు 1810లో ఆ సీమకి ఓ గైడు పుస్తకం కూడా రాశారు, పేరు వేసుకోకుండా. అది తరవాత ఆయన పేరుతో పెరిగి పెరిగి ఐదో కూర్పు దాకా వచ్చింది. ఎంత అమ్ముడుపోయిందంటే, ఓ పాదరీగారు ఆయన్ని కలిసి “తమరు ఈ గైడు కాకుండా ఇంకేమైనా రాశారా?” అని అడిగాట్ట. పద్యాలు రాశానని కవిగారు వినయంగా ఒప్పుకున్నార్ట. ఇది విమర్శకుడు మాథ్యూ ఆర్నాల్డ్ చెప్పిన ముచ్చట. అలా ఊరందరికీ దారి చూపించిన మనిషే, తీరా 1844లో విండర్‌మియర్‌కి రైలు వేస్తామంటే మండిపడి పత్రికలకి ఉత్తరాలు రాశారు. మాంచెస్టర్ వైపు మిల్లుల జనం గుంపులుగుంపులుగా వచ్చి పడతారని ఆయన బెంగ. ఆయన మాట ఎవరూ వినలేదు. 1847లో రైలొచ్చింది.

మేం మాంచెస్టర్ నించే వచ్చాం. గుంపుగానే వచ్చాం. కవిగారు మమ్మల్ని క్షమించాలి, మా అమ్మాయి ఉద్యోగం అక్కడ.

మేం ఇంట్లో కూచుని సీరియళ్ళు చూస్తుంటే చూడలేక అమ్మాయి మా ఇద్దరి పేర్లూ ఓ గైడెడ్ వాక్‌కి రాయించింది. గ్రాస్‌మియర్ ఊళ్ళో మొదలుపెట్టి, రైడల్ దాకా వెళ్ళి, సరస్సు అవతలి ఒడ్డున తిరిగి రావడం. “తేలికే నాన్నా, కొండ ఎక్కక్కర్లేదు, వాలంటీరు ఒకాయన దగ్గరుండి తీసుకెళ్తాడు” అంది. తను రాలేదు. ఆదివారం నిద్రపోవాలట.

మావారు దీన్ని సవాలుగా తీసుకున్నారు. ఆయనకి నడక కొత్త కాదు. ఆషాఢ పౌర్ణమికి సింహాచలం గిరిప్రదక్షిణ చేసిన మనిషి. ముప్ఫై రెండు కిలోమీటర్లు, చెప్పుల్లేకుండా, వానలో. “అక్కడ లక్షల మందిమి నడుస్తాం, గైడు ఎవడే? ముందువాడి వీపే గైడు” అన్నారు. అలిపిరి మెట్లు మూడు వేల ఐదు వందల యాభై ఎక్కినవాడికి ఈ చెరువుగట్టు ఒక లెక్కా అని కూడా అన్నారు. అంటూనే మంకీ క్యాపు, మోకాలి పట్టీ, జండూబామ్, బీపీ మాత్రలు సంచీలో సర్దుకున్నారు. నేను పులిహోర, పెరుగన్నం, నిమ్మకాయ ఊరగాయ స్టీలు క్యారేజీలో పెట్టాను.

పొద్దున్నే గ్రాస్‌మియర్‌లో ఓ పదిహేనుమందిమి పోగయ్యాం. చాలామంది మా వయసువాళ్ళే, కానీ బూట్లు చూస్తే సైన్యంలోంచి వచ్చినట్టున్నారు. లీడరు పొడుగ్గా, సన్నగా, మోకాళ్ళ దాకా బురద మరకలతో ఉన్నాడు. బయల్దేరకముందే ఆ బురద ఎక్కణ్ణించి వచ్చిందో నాకు అర్థం కాలేదు. ఒక్కొక్కళ్ళనీ పక్కకి పిలిచి, ఆరోగ్యం గురించి చెప్పాల్సినవి ఏమైనా ఉన్నాయా అని మెల్లిగా అడిగాడు. ఇంగ్లీషువాళ్ళంతా ఏమీ లేవన్నారు. అందులో ఒకావిడవి రెండు మోకాళ్ళూ కొత్తవి, ఒకాయనకి గుండెలో పేస్‌మేకరు ఉంది. ఈ సంగతులు మాకు దారిలో తెలిశాయి. మావారి వంతు వచ్చింది. షుగరుతో మొదలుపెట్టి బీపీ మీదుగా ఎడమ మోకాలికి వచ్చి, అక్కణ్ణించి నడుముకెళ్ళి, పడిశం పట్టినప్పుడు కుడి చెవి ఎలా మూసుకుపోతుందో దాకా చెప్పారు. ఫోనులో రిపోర్టులు కూడా తీశారు. లీడరు ఆసాంతం విని “లవ్‌లీ” అన్నాడు.

తరవాత మమ్మల్ని లెక్కపెట్టాడు. యాన్, టాన్, టెథెరా, మెథెరా అంటూ. మావారు మంత్రం చదువుతున్నాడనుకుని చేతులు కట్టుకున్నారు. అది ఆ కొండల్లో గొర్రెల కాపరులు వెనకటికి మందని లెక్కపెట్టే పద్ధతిట. ప్రతి గేటు దగ్గరా అలాగే లెక్కపెట్టాడు. గోడ అవతల మేస్తున్న అసలు గొర్రెల్ని మాత్రం ఎవరూ లెక్కపెట్టలేదు. అవి హెర్డ్‌విక్ జాతివి. పుట్టినప్పుడు నల్లగా ఉండి, వయసొచ్చేకొద్దీ తెల్లబడతాయి, మనలాగే. కంచెలు లేకపోయినా ఏ మంద కొండ ఏదో దానికి తెలుసు, తల్లి నేర్పితే పిల్ల నేర్చుకుంటుంది. గైడు అక్కర్లేనివి ఆ గుంపులో అవే. అవి తల ఎత్తి మా రంగురంగుల రెయిన్‌కోట్లని చూసి, మళ్ళీ తల దించుకున్నాయి.

డవ్ కాటేజీ దాటాక దారి ఎక్కడం మొదలుపెట్టింది. 1799 నించి 1808 దాకా కవిగారు కాపరమున్న ఇల్లది. “కాస్త ఎత్తు” అన్నాడు లీడరు. ఇంగ్లీషువాడు కాస్త అన్నాడంటే కళ్ళు తిరగడానికి సిద్ధంగా ఉండాలని నాకప్పుడే తెలిసింది. “రవ్వంత తడి” అన్న చోట పిక్కల దాకా దిగబడ్డాం. అయినా అతన్ని తప్పుపట్టలేను. మా అమ్మమ్మగారి ఊళ్ళో బస్సు దిగి అడిగితే “అదుగో ఆ చింతచెట్టు దాటగానే” అని చెప్పేవారు, దాటాక ఇంకో చింతచెట్టు కనపడేది. నడిపించాలంటే ప్రపంచంలో ఎక్కడైనా అబద్ధమాడక తప్పదు కాబోలు.

ఎత్తు మీద ఓ పెద్ద చదును బండ వచ్చింది. అలసిపోయిన మావారు హమ్మయ్య అని దాని మీద చతికిలబడ్డారు. లీడరు మర్యాదగా ఆగి, ఇది కాఫిన్ స్టోన్ అన్నాడు. మేం నడుస్తున్నది పీనుగుల బాటట. వెనకటి రోజుల్లో రైడల్ వైపు పాతిపెట్టే హక్కున్న చర్చి లేదు. చచ్చినవాణ్ణి భుజాల మీద ఈ దారమ్మట గ్రాస్‌మియర్‌లోని సెయింట్ ఆస్వాల్డ్ చర్చికి మోసుకొచ్చేవారు. దారి మధ్యలో మోసేవాళ్ళు అలిసిపోతే పెట్టెని దించడానికి ఈ బండ.

నేనైతే మావారు ఎగిరి దూకుతారనుకున్నాను. ఆయన మొహం వెలిగిపోయింది. “ఓస్! దింపుడు కళ్ళం!” అన్నారు. లేవలేదు సరికదా, బండ మీదే సర్దుక్కూచుని గుంపుకి వివరించడం మొదలుపెట్టారు. మా వైపు కూడా శ్మశానానికి వెళ్ళే దారిలో పాడెని దించుతారనీ, అయితే మోసేవాళ్ళ కోసం కాదనీ, చచ్చినవాడి కోసమనీ. చెవి దగ్గర నోరు పెట్టి మూడుసార్లు పేరు పెట్టి పిలుస్తారు, ఏమో, ఎక్కడైనా కొసప్రాణం ఉంటే పలుకుతాడేమోనని. పేస్‌మేకరాయన టోపీ తీశాడు. రెండు కొత్త మోకాళ్ళావిడ “మరి ఎవరైనా పలికారా?” అని అడిగింది. “పలకరండీ, కానీ ఆశ పడితే ఖర్చేముంది?” అన్నారీయన. పొద్దుట్నించీ లీడరు చెప్పిన ఏ కథకీ అంత మంది దగ్గరికి జరగలేదు.

ఆ క్షణం నించీ ఆయన రెండో గైడు. ఇంగ్లీషువాళ్ళు గుంపులో నడుస్తూ చక్కగా మాట్లాడుకుంటారు, కానీ వాన గురించి, పక్షుల గురించి, ఎదుటివాడి బూటు గురించి. పేర్లు అడగరు. మావారు ఫర్లాంగు దాటకుండా ఎంతమంది పిల్లలు, ఎక్కడ సెటిలయ్యారు, ఇల్లు సొంతమా అద్దా అన్నీ ఆరా తీశారు. నేను వెనక నించి చొక్కా లాగలేక, చున్నీ నలుపుకుంటూ నడిచాను. తీరా చూస్తే, ఎన్నాళ్ళుగానో ఎవరూ అడగలేదన్నట్టు అంతా గడగడా చెప్పేశారు. సన్నదారిలో ఒకళ్ళ వెనక ఒకళ్ళు నడవాలి కదా, మొహాలు కనపడవు. అందుకనేమో, భార్య పోయిన ఒక పెద్దాయన మావారి వీపుకి తన కథంతా చెప్పుకున్నాడు.

ఇంతలో వాన. ఆ కొండల అవతల బారోడేల్‌లో సీత్‌వెయిట్ అనే పల్లె ఉంది, ఇంగ్లండులో మనుషులుండే చోట్లలో అంత వాన ఇంకెక్కడా పడదంటారు. ఏడాదికి మూడు వేల మిల్లీమీటర్లు దాటుతుంది, మన హైదరాబాదులో పడేది ఎనిమిది వందల చిల్లర. ఇది ఆ పల్లె కాదు కదా అని వాన ఊరుకోలేదు. నేను గొడుగు తెరిచాను. గుంపంతా దాన్ని వింతగా చూసింది, గాలి దాన్ని తామరపువ్వు చేసింది. అక్కడ వానలో తడవడం కూడా కార్యక్రమంలో భాగం.

కవిగారి తరవాతి ఇల్లు రైడల్ మౌంట్ పక్కన డోరా తోట అని ఒకటుంది. కూతురు డోరా 1847లో పోతే, కవిగారూ భార్యా ఆమె జ్ఞాపకంగా డాఫొడిల్స్ నాటించిన మడి. చెట్ల కింద వానలో తడిసి, తలలు వాల్చి, పచ్చగా వందలు. నేనలా చూస్తూ ఉండిపోయాను. “ఇవేనా? వీటికేనా పది మార్కులు?” అన్నారు మావారు.

రైడల్ గుహ దగ్గర భోజనాలు. గుహంటే ఏ మునీ తపస్సు చేసింది కాదు, పలకరాయి తవ్వుకున్న గని. వాళ్ళు చల్లటి శాండ్‌విచ్‌లని తడిసిన రాళ్ళ మీద కూచుని పరమాన్నంలా తిన్నారు. నేను క్యారేజీ మూత తీశాను. ఇంగువ పోపు వాసన గుహలో తిరిగి తిరిగి వచ్చింది. ముందు ఒక కుక్క వచ్చింది, తరవాత ఆ కుక్క తాలూకు మనిషి, తరవాత అందరూ. మూత మీదా, అరచేతుల్లోనూ పులిహోర పంచాను. బదులుగా కొత్త మోకాళ్ళావిడ కెండల్ మింట్ కేక్ ఇచ్చింది. కేకు కాదు, చక్కెరలో పిప్పర్మెంటు పోసి గడ్డకట్టించిన పలక. 1953లో హిల్లరీ, టెన్జింగ్ ఎవరెస్టు మీద తిన్నది ఇదేట. మావారు దాన్ని చేతిలో పట్టుకుని, షుగరు ఉన్నవాడికి ఇది తినడమే ఎవరెస్టు అన్నారు. నేను అటు తిరిగి వచ్చేసరికి చేతిలో లేదు.

తిరుగుదారిలో, లఫ్‌రిగ్ టెర్రస్ మీద, వాన తెరిపిచ్చింది. కింద గ్రాస్‌మియర్ సరస్సు మొత్తం కనిపించింది. అక్కడ లీడరు వెయిన్‌రైట్ గురించి చెప్పాడు. కెండల్‌లో మునిసిపల్ ఖజానా లెక్కలు చూసుకునే ఉద్యోగి. సెలవు రోజుల్లో బస్సెక్కి వచ్చి 214 కొండలు ఎక్కి, ప్రతి కొండనీ ప్రతి దారినీ చేత్తో బొమ్మలేసి, చేత్తోనే రాసి, 1955 నించి 1966 దాకా ఏడు పుస్తకాలు వేశాడు. నడుస్తుంటే పక్కన మనిషి అలికిడి ఆయనకి గిట్టదట, గుంపులంటే అసలు పడదట. ఇప్పుడు ఆ 214 కొండలూ ఎక్కి పుస్తకంలో టిక్కు పెట్టుకోవడం అక్కడ ఓ వ్రతం. మాలో ముగ్గురు ఆ వ్రతంలో ఉన్నారు, ముగ్గురూ ఒకరి లెక్క ఒకరు అడిగి తెలుసుకుని కుళ్ళుకున్నారు. ఒంటరిగా తిరగమన్నవాళ్ళ వెనకాలే ఇంత జనం ఎందుకు పడతారో నాకు ఈనాటికీ బోధపడదు. తోడు రమ్మన్నవాడి వెంట ఎవరూ రారు.

వర్డ్స్‌వర్త్ కూడా నడకలో తక్కువేం కాదు, జీవితం మొత్తమ్మీద లక్షా డెబ్భై ఐదు వేల మైళ్ళకి తక్కువ కాకుండా నడిచుంటాడని ఆయన స్నేహితుడు డిక్విన్సీ లెక్కగట్టాడు. ఆ కాళ్ళు చూడ్డానికి మాత్రం బాగుండవనీ రాశాడు. అది చెబితే మావారు తన పిక్కలకేసి తృప్తిగా చూసుకున్నారు.

ఊళ్ళోకి వచ్చాక ఆఖరిసారి లెక్కపెట్టి, సరిపోయామని లీడరు వదిలేశాడు. పీనుగుల బాట చివరికి చేరే చర్చి అదే, సెయింట్ ఆస్వాల్డ్. కవిగారి సమాధి ఆ ఆవరణలోనే ఉంది, డొరొతీది కూడా. పద్యంలోంచి తీసేసినా ఇక్కడ తీసెయ్యలేకపోయారు. మేం వెళ్ళేసరికి అక్కడ నరమానవుడు లేడు. గోడ పక్కనే, 1854లో సారా నెల్సన్ అనే ఆవిడ మొదలుపెట్టిన అల్లం బిస్కెట్ల కొట్టు. దాని ముందు క్యూ రోడ్డు మీదికి వచ్చేసింది. మా గుంపు మొత్తం అందులోనే ఉంది, లీడరుతో సహా.

“చూశావుటోయ్, ఈ సీమ మొత్తానికి ఏకాంతం దొరికేది ఇక్కడొక్కచోటే” అన్నారు మావారు. నన్ను ఆ ఏకాంతంలో వదిలేసి, క్యూలో ఆ పెద్దాయన తన ముందు ఆపి ఉంచిన చోట్లోకి దూరిపోయారు.