ఇంటి పన్ను ఎక్కువ రాయించుకోండి

కొలతలకు మున్సిపాలిటీ నుంచి మనిషి వస్తే మేడ మీదకు తీసుకెళ్లండి. కింద హాలు, రెండు గదులు చూపించి, మజ్జిగ ఇచ్చి పంపేయడం మన ఊళ్లలో మామూలే. మీరు అలా చేయకండి. తర్వాత వేసుకున్న రేకుల గది, అద్దెకిచ్చిన పై వాటా, వీధి వైపు షట్టరు పెట్టిన కొట్టు, అన్నీ టేపు రెండో కొస మీరే పట్టుకుని రాయించండి. కొట్టు నివాసం కింద నమోదై ఉంటే అది వ్యాపారమని మీరే చెప్పండి. పన్ను పెరుగుతుంది. పెరగాలనే చెబుతున్నాను.

ఎంత పెరుగుతుందని భయం? ఆంధ్రప్రదేశ్ పట్టణాల్లో 2021 ఏప్రిల్ నుంచి అద్దె విలువ లెక్క పోయి, మూలధన విలువ మీద పన్ను వేస్తున్నారు. నివాసాలకు ఆ విలువలో 0.10 నుంచి 0.50 శాతం మధ్య. 20 లక్షలు విలువ కట్టిన ఇంటికి 0.15 శాతం అనుకుంటే ఏడాదికి 3,000 రూపాయలు, అంటే నెలకు 250. మనం లేవకముందే వీధి ఊడ్చి వెళ్లే మనిషి జీతం, స్తంభం మీది దీపం, దోమల మందు, కాలువ పూడిక, అన్నింటికీ ఆ డబ్బులోంచే కొంత రావాలి.

వడ్డీ మాఫీ కోసం అసలే కాచుకోకండి. బకాయి మీద నెలకు 2 శాతం వడ్డీ పడుతున్నా, “మార్చిలో జీవో వస్తుందిలే” అని కూర్చునేవాళ్లు ప్రతి వీధిలో ఉంటారు. వాళ్ల ధీమాకు కారణమూ ఉంది. హైదరాబాద్‌లో బకాయిల వడ్డీ 90 శాతం మాఫీ చేసిన సంవత్సరాలున్నాయి. ఏప్రిల్‌లోనే కట్టినవాళ్లకు మాత్రం 5 శాతం రాయితీ! నిజాయితీగా కట్టేవాళ్లకు ఇంతకన్నా అవమానం లేదు. అందుకే మాఫీ ప్రకటిస్తే సంబరపడకండి, వద్దని కమిషనర్‌కు అర్జీ పెట్టండి. ఆ ఏడాదికి మీరే బాకీ ఉన్నా సరే, పెట్టండి.

ఏడాది పన్ను మొత్తం ఏప్రిల్ 30 లోపే కట్టేయండి. గడువుంది కదా అంటారు. గడువు మీకుంది, వానకు లేదు. తొలకరికి ముందు కాలువలో నల్లటి పూడిక తీసి గట్టున కుప్పలు పోస్తారు. డీజిలుకు డబ్బుల్లేక ట్రాక్టరు రాకపోతే కుప్ప అక్కడే ఉంటుంది. రాత్రి వాన పడితే తెల్లారేసరికి అందులో సగం మళ్లీ కాలువలోనే. తీసిన కార్మికుల కష్టం అంతా వృథా. మార్చి ఆఖర్లో మీరు క్యూలో నిలబడి కట్టే డబ్బు ఆ జూన్‌కు అక్కరకు రాదు.

“పన్ను పెంచం” అనే కౌన్సిలర్ అభ్యర్థికి ఓటు వేయకండి. 2017లో ప్రకటనల పన్ను, వినోదపు పన్ను జీఎస్టీలో కలిసిపోయాయి. పట్టణం తనదని చెప్పుకోగల పెద్ద రాబడి ఆస్తి పన్నే. పైగా 15వ ఆర్థిక సంఘం ఆస్తి పన్నుకు కనీస రేట్లు ప్రకటించాలని, వసూళ్లు రాష్ట్ర ఆర్థిక వృద్ధికి తగ్గట్టు పెరగాలని పట్టణ గ్రాంట్లకు షరతు పెట్టింది. పన్ను పెంచనన్నవాడు ఢిల్లీ నుంచి వచ్చేదానికీ గండి కొడతాడు.

ఇంత కట్టాక నోరు మూసుకోమని చెప్పను. రసీదు చేతికొచ్చిన రోజే పని మొదలుపెట్టండి. వంద రూపాయల ఇంటి పన్నుకు 8 రూపాయలు గ్రంథాలయ సెస్సు. మున్సిపాలిటీ దాన్ని వసూలు చేసి జిల్లా గ్రంథాలయ సంస్థకు జమ చేయాలి. చాలాచోట్ల అది ఏళ్ల తరబడి బకాయి పడుతోంది. మన శాఖా గ్రంథాలయంలో కొత్త పుస్తకాలు లేకపోవడానికి, కుర్చీలు విరిగినా మారకపోవడానికి అదొక ముఖ్య కారణం. 10 రూపాయలు కట్టి సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి: ఈ ఏడాది ఎంత సెస్సు వసూలైంది, ఏ తేదీన ఎంత జమ చేశారు? 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. ఇవ్వకపోతే అప్పీలుకు వెళ్లండి, వెళ్లేటప్పుడు మీ వీధిలో పన్ను కట్టిన ఇంకో నలుగురి చేతా దరఖాస్తులు పెట్టించండి.