దారితప్పిన ఉత్తరానికీ ఒక దిక్కుండేది

తపాలా శాఖలో పనిచేసి రిటైరైనవాణ్ని. మొదట్లో రైల్వే మెయిల్ సర్వీసు (ఆర్‌ఎంఎస్)లో సార్టరుగా రాత్రంతా రైలుపెట్టెలో నిలబడి ఉత్తరాలు గూళ్లలో వేశాను. తర్వాత సబ్ పోస్టుమాస్టరునయ్యాను. అందుకేనేమో, ఫోనులో ఈమెయిల్ తెరిచినప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది. ఎవరిదో ఇన్సూరెన్సు ప్రీమియం నోటీసు, ఎవరి పిల్లాడిదో స్కూలు ఫీజు రసీదు, ఎవరిదో రైలు టికెట్టు. నా పేరే ఉన్న వేరే మనుషులకు చేరాల్సినవన్నీ నా దగ్గరికొచ్చి పడుతున్నాయి.

నాది ఊరికి పదిమందికి ఉండే పేరు. జీమెయిల్ 2004లో వచ్చింది. ఆ తొలిరోజుల్లోనే మా అబ్బాయి నాకు అకౌంటు తెరిచాడు కాబట్టి ఇంటిపేరులో మొదటి అక్షరం, పేరు, అంతే, వెనకాల అంకెలేవీ లేకుండా అడ్రసు దొరికింది. జీమెయిల్ చుక్కల్ని లెక్కచెయ్యదు. పేరు మధ్యలో చుక్క పెట్టినా, పెట్టకపోయినా అన్నీ ఒకే పెట్టెలోకి వస్తాయి. నా పేరున్న ఇంకొకాయన తన అడ్రసు చివర అంకెలు మరిచిపోయి చెప్పినా, కౌంటరు దగ్గర కుర్రాడు తొందరలో అంకెలు వదిలేసి చుక్క కొట్టినా, అది వచ్చేది నాకే. అలాంటి అడ్రసు ఒకటి ఉంది కాబట్టి పంపినవాళ్ల లెక్కలో అది చేరినట్టే. ఎవరికి చేరిందన్న ప్రశ్న అక్కడ లేదు.

మా రోజుల్లో చేరిందనడానికి ఒక మనిషి పూచీ ఉండేది. ఒకే పేరు ఊళ్లో నలుగురికి ఉంటే రైసుమిల్లు దగ్గరాయన ఎవరో, చెరువుగట్టు ఆయన ఎవరో, రిటైరైన మాస్టారు ఎవరో పోస్టుమ్యాన్‌కి తెలుసు. కవరు మీద ఏ ఊరి ముద్ర పడిందో చూసి, మాస్టారి రెండో అమ్మాయిని ఇచ్చింది ఆ ఊరికే కదా అనుకుని సరిగ్గా ఆ గడపకే తీసుకెళ్లేవాడు. మనియార్డరైతే, సంతకం రాని ముసలమ్మ వేలిముద్ర వేసేటప్పుడు పక్కన సాక్షి ఉండాల్సిందే.

ఊళ్ల పేర్లతోనూ ఇదే తంటా ఉండేది. కొత్తపల్లి అంటే ఏ కొత్తపల్లి? రామాపురం అంటే ఏ జిల్లా రామాపురం? ఈ తికమక తీర్చడానికే 1972 ఆగస్టు 15న పిన్‌కోడ్ తెచ్చారు. శ్రీరామ్ భికాజీ వేలంకర్ గారి ఆలోచన అది. ఒకే పేరుంటే పొరపాటు జరిగి తీరుతుందని ముందే తలచి, ఆరంకెలు కూర్చి పెట్టారు. ఇప్పుడున్న కంపెనీలకు ఆపాటి ముందుచూపు ఎందుకు లేదో నాకు అర్థం కాదు.

అయినా తప్పు జరిగేది. నేను కాదనను. సంచీ మారి మన ఊరికి రావలసింది పక్క జిల్లాకు పోయేది. అప్పుడు అక్కడి ఆఫీసు దాని మీద మిస్‌సెంట్ అని కొట్టి, తమ తేదీ ముద్ర వేసి మళ్లీ దారిలో పెట్టేది. ఇంటి దగ్గర మనిషి లేకపోతే పోస్టుమ్యాన్ ఊరు విడిచి వెళ్లారనో, ఈ పేరుగలవారు లేరనో రాసి, తేదీ వేసి, సంతకం పెట్టి తిరిగి తెచ్చేవాడు. మనింట్లో పొరపాటున పడిన ఉత్తరాన్ని విప్పకుండా, మాది కాదని రాసి ఎర్రడబ్బాలో వేస్తే చాలు, ఇంకో స్టాంపు కూడా అక్కర్లేదు. అటు చేరవేయలేక, ఇటు పంపినవారి అడ్రసూ లేక మిగిలిపోయినవాటికి రిటర్న్‌డ్ లెటర్ ఆఫీసు ఉండేది. రహస్యం కాపాడే బాధ్యత నెత్తిన ఉన్న అధికారి ఒకరు, పంపినవాళ్లెవరో తెలుసుకోవడం కోసమే వాటిని విప్పాల్సి ఉండేది. 2024 దాకా అమల్లో ఉన్న 1898 నాటి పోస్టాఫీసు చట్టంలోనే ఆ ఏర్పాటు ఉండేది. తెల్లవాడి కాలంలో రాసుకున్న చట్టానికి ఉన్న మర్యాద ఇది.

ఇప్పటి సంగతి చెబుతాను. ఒక ల్యాబు నుంచి నాకొక రిపోర్టు వచ్చింది. నా పేరే, వయసు మాత్రం నాకంటే బాగా తక్కువ. క్రియాటినిన్ దగ్గర అంకె నల్లగా, లావుగా అచ్చయి ఉంది, హద్దు దాటిందని గుర్తు. మా ఇంట్లో కిడ్నీ రోగిని చూసుకున్నవాణ్ని, ఆ అంకెకు అర్థం నాకు తెలుసు. వెంటనే ఇది నాది కాదని జవాబు రాశాను. అది నో-రిప్లై అడ్రసట, నా జవాబు తిరిగొచ్చింది. కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే పేషెంటు రిజిస్టర్డ్ మొబైల్ నంబరు చెప్పమన్నారు, పుట్టినతేదీ చెప్పమన్నారు. నేను పేషెంటును కాదమ్మా, అది చెప్పడానికే చేశానంటే, వెరిఫికేషన్ కాకుండా ఏమీ మార్చలేమన్నారు. రిపోర్టు కింద బ్రాంచి నంబరుంటే దానికీ చేశాను. అక్కడి అమ్మాయి మర్యాదగానే మాట్లాడింది. "మీ మెయిల్లోంచి డిలీట్ చేసేయండి అంకుల్" అంది.

నేను చెరిపేస్తే ఆయనకు చేరుతుందా? నా గొడవ ఇదొక్కటే. మా మనవడూ అదే మాట, "స్పామ్‌లో వేసెయ్యి తాతయ్యా, నీకెందుకు?" అని. వాళ్లు మంచివాళ్లు కాకపోవడం వల్ల కాదు. ఒకరి ఉత్తరం మన చేతిలో పడితే దాని భారం మనదేనన్న సంగతి వాళ్లకు ఎవరూ నేర్పలేదు. ప్రకటనల కాగితంతో సమానంగా ఒక మనిషి జబ్బు కబురును కూడా చెరిపేసే అలవాటు చేసేశారు ఈ కంపెనీలవాళ్లు.

ఇన్సూరెన్సు నోటీసుల్లో ఇంకో ప్రమాదం ఉంది. ఫైలుకు తాళం వేశాం, పేరులో మొదటి నాలుగు అక్షరాలు, పుట్టినతేదీ కొడితే తెరుచుకుంటుందని చాలామంది మెయిల్లోనే రాస్తారు. మా ఇద్దరి పేరూ ఒకటే, ఇక తాళంలో సగం నా దగ్గరే ఉన్నట్టు. నా అడ్రసుతో వేరేవాళ్లు ఖాతా తెరిస్తే, దాని పాస్‌వర్డు మార్చే లింకు కూడా నాకే వస్తుంది. ఇవి దుర్బుద్ధి గలవాడికి దొరికితే ఎవరు జవాబుదారీ?

ఒక నోటీసులో మాత్రం పాలసీదారు ఇంటి అడ్రసు, పిన్‌కోడ్‌తో సహా ఉంది. అర్ధరూపాయి కార్డు తీసుకుని, మీ ప్రీమియం నోటీసులు నాకొస్తున్నాయి, గడువు ఫలానా తేదీ, ఆఫీసుకు వెళ్లి అడ్రసు మార్పించుకోండి అని రాసి, కింద నా ఫోన్ నంబరు వేశాను. పాలసీ నంబరు రాయలేదు. కార్డు ఎవరైనా చదవొచ్చు కదా. ఆయన ఫోన్ చేశాడు. "నాకు మెయిలే లేదండీ. ఆ గడి ఖాళీగా వదిలితే ఫారం ముందుకు పోవడం లేదని ఆఫీసులో అబ్బాయి ఏదో ఒకటి కొట్టాడు" అన్నాడు. మెయిల్ లేని రైతును మెయిల్ ఇచ్చి తీరాలని నిలబెట్టే ఫారం తయారుచేసినవాళ్లను ఏమనాలి? ఆ గడి నింపిన కుర్రాడి మీద నాకు కోపం లేదు.

నేనడిగేవి పెద్ద కోరికలు కావు. అడ్రసు ఇచ్చిన రోజే, ఏ వివరమూ లేని ఒక ఉత్తరం పంపి, ఇది మీదేనా అని అడగండి. అవునని నొక్కేదాకా రిపోర్టులూ, పాలసీలూ పంపకండి. చాలాచోట్ల ఈ పద్ధతి ఉంది, కష్టమైనదేమీ కాదు. ప్రతి మెయిల్ అడుగునా ఇది నాది కాదని చెప్పే లింకు ఒకటి పెట్టండి. అది నొక్కితే ఓటీపీ అడక్కుండా ఆ అడ్రసుకు పంపడం ఆపి, అసలు మనిషికి ఫోన్ చెయ్యండి. నంబరు మీ దగ్గరే ఉంది, నా దగ్గర లేదు. మెయిల్ లేదన్నవాళ్ల గడిని ఖాళీగా వదిలెయ్యనివ్వండి. ల్యాబులవాళ్లు ముందు చెయ్యాలి ఈ పని, మిగతావాళ్ల కంటే ముందు.