కూడవెల్లి గడప

అవ్వ కాపురానికొచ్చింది కూడవెల్లికి. కృష్ణ, తుంగభద్ర కలిసే చోట, బాదామి చాళుక్యుల నాటి సంగమేశ్వరుడి గుడి ఉన్న ఊరది. 1963లో నెహ్రూ శ్రీశైలం ప్రాజెక్టుకు శంకుస్థాపన చేసేనాటికి ఆమె ఇంకా పెళ్లికాని పిల్ల. 1981లో ముంపు ఊళ్లను ఖాళీ చేయించేనాటికి ముగ్గురు పిల్లల తల్లి. ఆ తర్వాత పుట్టిన మాకు కూడవెల్లి అంటే అవ్వ చెప్పే మాటలే.

ఊరు నీళ్లలో పోయింది గానీ గుడి పోలేదు. దాన్ని విప్పి, అలంపురం తెచ్చి మళ్లీ కట్టారు. అవ్వకు ఆ సంగతి తెలుసు. అయినా జోగులాంబ దర్శనానికి వెళ్లినప్పుడల్లా అటు తొంగి చూడకుండానే బస్సెక్కేది. "ఊరిడిసి వొచ్చిన దేవునికి ఏం మొక్కుతం" అనేది. అలాంటి మనిషి ఈ శివరాత్రికి తనంతట తానే అడిగింది, "సంగమేశ్వరుని తానికి తోల్కపో కొడకా" అని.

దారిలో ఒకటే మాట: "సామి నన్ను గుర్తువడతడంటవా?"

ఏం చెప్పాలో తోచలేదు. "నువ్వు గుర్తుపడితే చాల్లే అవ్వా" అన్నాను.

గుడి కనబడగానే నా చెయ్యి వదిలేసింది. మోకాళ్ల నొప్పులని ఇంట్లో రెండు మెట్లెక్కడానికి ఆగి ఆగి నడిచే మనిషి, ఎవరో పిలిచినట్టే పైకెళ్లింది. గడప దగ్గర నిలబడి, వంగకుండా, పాదంతోనే రాతిని తడిమింది. "ఇగో, ఈడ్నే. ఎడమదిక్కు అరిగుంటది." అరిగే ఉంది. లోపల లింగం ముందు చాలాసేపు తల ఎత్తలేదు. ఇన్నేళ్ల అలక అక్కడే దిగిపోయిందనుకుంటాను. బయటికొచ్చి గోడకు చేరగిలబడి కూర్చుంది. ఇక ఆగని మాటలు. జాగారం రాత్రి సంగమంలో మునిగి తడి చీరతోనే దీపం పెట్టడం, నిద్ర ఆపుకోలేక మా నాయన ఆమె ఒళ్లో పడుకోవడం, తెల్లారేదాకా భజన. ఉన్నట్టుండి చెవి ఒగ్గి వింది. "అన్నీ ఉన్నయి. ఏటి సప్పుడొక్కటే తక్కువ."

కాసేపటికి అడిగింది. "ఇంత గుడిని ఎట్ల తెచ్చిండ్రు బిడ్డా? ఇప్పుతుంటే సూడబుద్ధిగాక మేం ఆ దిక్కే పోలె."

నాకు తెలిసినదంతా ఉత్సాహంగా చెప్పాను. ముందు కొలతలు తీసి బొమ్మలు గీసుకున్నారని, ఒక్కో రాయికీ నంబరు వేశారని, పైనుంచి ఒక్కొక్కటే విప్పి ఇక్కడికి చేర్చి, ఆ నంబర్ల ప్రకారమే మళ్లీ పేర్చారని. పాపనాశి గుళ్లను కూడా అలాగే మార్చారని. పన్నెండు వందల ఏళ్లు దాటిన రాళ్లను చెదరకుండా నిలబెట్టినవాళ్ల ఓపికకు దణ్ణం పెట్టాలి. ఆ ఓపిక వల్లే అవ్వ పాదానికి తన గడప దొరికింది.

అవ్వ ప్రతి మాటా శ్రద్ధగా వింది.

"అన్ని రాళ్లకూ ఏసిండ్రా నంబర్లు?"

"అన్నిటికీ."

"మల్ల ఉన్నదున్నట్టు కట్టేతందుకా?"

"అందుకే అవ్వా."

"మనింటి దర్వాజ మీద గూడ ఏసిపోయిండ్రు కొడకా, ఎర్ర రంగుతోని. మనకూ గట్లనే కట్టిస్తరని, ఆ నంబరు సెరిగిపోకుండ మీ తాత గోనెపట్ట కట్టి కాపాడిండు, బుల్డోజరొచ్చే దాంక."